ఖాళీ వేరు, సున్న వేరు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఈ సభలో నాలుగు మాటలు మాట్లాడమన్నారు. కరువు భత్యం బకాయిల గురించి, వైద్య ఖర్చుల బిల్లుల గురించి చెప్పడానికి నాకంటె బాగా తెలిసినవారు ఈ హాలులోనే పదిమంది ఉన్నారు. అందుచేత నేను, "కంప్యూటరు ప్రోగ్రాములో చలరాశులను ప్రకటించడం, వాటికి ప్రారంభ విలువ ఇవ్వడం" అనే విషయం మీద మాట్లాడతానన్నాను. ఆయన కొంచెంసేపు నా మొహంలోకి చూసి, "ఒంట్లో బాగానే ఉంటోందా?" అని అడిగారు. బాగానే ఉంటోంది. పదిహేను నిమిషాలు ఓపిక పడితే, ఈ విషయం మనకు కొత్తది కాదనీ, ముప్పై అయిదేళ్లు మనం బల్లల ముందు కూర్చుని చేసిన పనే ఇదనీ మీరే ఒప్పుకుంటారు.

సంగతి ఎలా మొదలైందో చెబుతాను. మా మనుమరాలు ఇంజనీరింగు మొదటి సంవత్సరం చదువుతోంది. వాళ్లకు సి అనే కంప్యూటరు భాష పాఠం ఉంది. ఒకనాటి రాత్రి భోజనాలయ్యాక లాప్‌టాపు ముందు పెట్టుకుని కళ్లనీళ్ల పర్యంతమై కూర్చుంది. ఏమ్మా అంటే, "తాతయ్యా, ఆరు సబ్జెక్టుల మార్కులు కూడమని ప్రోగ్రాము రాశాను. 431 రావాలి. నలభై రెండు లక్షల చిల్లర వస్తోంది" అంది.

"ఏదీ, చదివి వినిపించు" అన్నాను. నాకు ఆ భాష రాదు. కాని కూడికలో తేడా వచ్చిందంటే ఏ గుమస్తాకైనా చెయ్యి దురద పెడుతుంది. ఆ పిల్ల చదివింది. మొదటి వరుసలో "మొత్తం" అనే పేరుతో ఒక గడి తెరిచింది. తరువాత ఒక్కొక్క మార్కు తీసుకుని "మొత్తం"లో కలుపుతూ పోయింది. అంతే.

"సరే, మొట్టమొదటి మార్కు కలిపినప్పుడు ఆ గడిలో అంతకుముందు ఎంత ఉంది? ఓపెనింగు బ్యాలెన్సు ఏదమ్మా?" అన్నాను.

మనుమరాలు నా వంక అలాగే చూసింది. తరువాత మొదటి వరుస చివర "= 0" అని చేర్చింది. 431 వచ్చింది. ఆ రాత్రి నుంచి మా ఇంట్లో నాకు కొంచెం గౌరవం పెరిగింది, నాకు ఒక విద్యార్థి దశ మొదలయ్యింది. ఆ పిల్ల కాలేజీలో నేర్చుకున్నది నాకు చెప్పేది, నేను దానికి ఆఫీసు భాషలో అర్థం చెప్పేవాణ్ణి.

చలరాశి అంటే ఏమిటి?

కంప్యూటరు జ్ఞాపకశక్తిని ఒక పెద్ద రికార్డు రూముగా ఊహించుకోండి. గోడలనిండా అరలు, ప్రతి అరకూ ఒక నంబరు. యంత్రానికి నంబర్లతో ఇబ్బంది లేదు. మనిషికి మాత్రం ఫలానా నంబరు అరలో ఏముందో గుర్తుండదు. అందుకని ఆ అరకు ఒక పేరు చీటీ అంటిస్తాము, "పెన్షను" అనో "కరువు భత్యం" అనో "మొత్తం" అనో. ఆ చీటీ అంటించిన అరే చలరాశి. పిల్లలు దాన్ని వేరియబుల్ అంటారు. అందులోని విలువ ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ మారవచ్చు గనుక ఆ పేరు.

సి భాషలో ఈ చీటీ అంటించడానికి ఒక వాక్యం రాయాలి. అసలు భాషలో అది ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. మన పత్రిక చదువరుల కోసం తెలుగు లిపిలోనే ఇస్తున్నాను.

ఇంట్ పెన్షను;

ఇందులో మూడు సంగతులున్నాయి. "ఇంట్" అంటే ఈ అరలో పూర్ణ సంఖ్య మాత్రమే పెడతామని మాట ఇవ్వడం. "పెన్షను" అనేది పేరు. చివర ఉన్న అర్ధవిరామం మన పూర్ణ విరామం వంటిది. అది మరిచిపోతే యంత్రం ఒప్పుకోదు. దీన్నే డిక్లరేషను, అనగా ప్రకటన, అంటారు. తపాలు వచ్చిన కాగితానికి కరెంటు నంబరు ఇచ్చి పర్సనల్ రిజిస్టరులో పేజీ తెరవడం మీకు గుర్తుందిగా? నంబరు పడని కాగితం ఆఫీసులో లేనట్టే. ప్రకటించని పేరు సి భాషలో లేనట్టే. వాడబోతే "ఇటువంటి పేరు నాకు తెలియదు" అని యంత్రం తిప్పి పంపుతుంది.

పేరు పెట్టడానికి నియమాలున్నాయి. పేరు అక్షరంతోగాని, కింది గీతతోగాని మొదలవ్వాలి, అంకెతో మొదలుకాకూడదు. నడుమ ఖాళీ ఉండకూడదు. ఇంగ్లీషు పెద్ద అక్షరానికి, చిన్న అక్షరానికి తేడా ఉంది. ఆ భాష తన సొంతానికి ఉంచుకున్న "ఇంట్" వంటి మాటలను పేర్లుగా పెట్టకూడదు. ఇవి యంత్రం విధించే నియమాలు. మనం విధించుకోవలసిన నియమం ఇంకొకటి ఉంది. పేరు చూడగానే లోపల ఏముందో తెలియాలి. మా మనుమరాలు మొదట్లో ఎ, బి, సి అని పేర్లు పెట్టేది. రెండు వారాల తరువాత తను రాసినదే తనకు అర్థం కాలేదు. మనకు తెలుసు కదా, "ఇతరములు" అని అట్ట మీద రాసిన ఫైలులో పడిన కాగితం మళ్లీ వెలుగు చూడదు.

అర ఎంత పెద్దది?

"ఇంట్" అని ఎందుకు చెప్పాలి, యంత్రమే తెలుసుకోకూడదా అని నేను అడిగాను. ఎంత స్థలం కేటాయించాలో, లోపలి రాతను ఎలా చదవాలో దానికి ముందుగా తెలియాలట. రూపాయల గడి ఎన్ని అంకెల వెడల్పు ఉండాలో లెడ్జరు అచ్చువేసేవాడికి ముందే చెప్పినట్టన్నమాట.

1990లలోనూ, ఆ తరువాత చాలా ఏళ్లూ మన కాలేజీల్లో టర్బో సి అనే సాధనం మీద పాఠాలు చెప్పేవారు. అందులో "ఇంట్" అరకు రెండు బైట్లు, అనగా పదహారు బిట్లు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. అందులో 40,000 రూపాయల పెన్షను వేశారనుకోండి. అది పొంగిపోయి, తిరిగి చూస్తే మైనస్ 25,536 అని కనిపిస్తుంది. పెన్షను రావడం మాట అటుంచి మనమే సర్కారుకు బాకీ పడతాము! ఇప్పటి యంత్రాల్లో "ఇంట్" సాధారణంగా నాలుగు బైట్లు. అందులో 214 కోట్ల 74 లక్షల 83 వేల 647 వరకు పడుతుంది.

ఇది నవ్వుకోవలసిన సంగతి మాత్రమే కాదు. 1996 జూన్ 4న యూరప్ దేశాల ఏరియన్ 5 రాకెట్టు మొదటిసారి ఫ్రెంచి గయానాలోని కూరూ నుంచి లేచింది. లేచిన నలభై సెకన్లలోపే దారి తప్పి పేలిపోయింది. విచారణలో తేలినదేమిటంటే, అరవై నాలుగు బిట్ల అరలో ఉన్న ఒక విలువను పదహారు బిట్ల అరలోకి మార్చబోయారు. అది పట్టలేదు. ఆ ప్రోగ్రాము భాగం పాత ఏరియన్ 4 కోసం రాసినది, దానికి సరిపోయింది. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ, విలువ పెద్దది, అర మాత్రం పాతది. 32,767 అన్న ఆ చిన్న హద్దే అంత పెద్ద రాకెట్టును కూల్చింది.

మనకు దగ్గర సంగతి ఇంకొకటి. సంవత్సరానికి రెండంకెల గడి మాత్రమే ఇచ్చిన పాత ప్రోగ్రాముల్లో 2000 సంవత్సరం "00"గా మారి, 1960లో చేరినవాడి సర్వీసు మైనస్ అరవై ఏళ్లు వచ్చే ప్రమాదం ఏర్పడింది. దాన్ని సరిచేసే పని మీద 1990ల చివర మన తెలుగు పిల్లలు ఎందరో అమెరికా వెళ్లారు. ఈ హాలులో కూర్చున్న కొందరి కుమారులూ అలా వెళ్లినవారే. అటువంటిదే 2038లో ఇంకొకటి ఉంది. చాలా యంత్రాలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. ఆ లెక్కకు ముప్పై రెండు బిట్ల అర ఇచ్చినచోట, 2038 జనవరి 19 ఉదయం మన గడియారం ప్రకారం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అర నిండిపోతుంది. అరను అరవై నాలుగు బిట్లకు పెంచడమే దానికి మందు. ఆ ఉదయానికి మనలో ఎంతమందిమి కాఫీ తాగుతూ ఉంటామో గాని, సరిచేయవలసిన పిల్లలు మాత్రం ఇప్పుడు కాలేజీల్లో ఉన్నారు.

పూర్ణ సంఖ్యల అరతో ఇంకొక చిక్కు ఉంది. భిన్నం అందులో నిలవదు. 30,000 మూల పెన్షను మీద 20 శాతం కట్టాలనుకోండి. "20 / 100 * 30000" అని రాస్తే సి భాష ముందు 20ని 100తో భాగిస్తుంది. పూర్ణ సంఖ్యల భాగహారంలో అది సున్న. సున్నను ముప్పై వేలతో హెచ్చవేస్తే సున్న. కరువు భత్యం హుళక్కి! అదే "30000 * 20 / 100" అని రాస్తే 6,000 వస్తుంది. దశాంశాలు కావాలంటే "ఫ్లోట్" లేక "డబుల్" అనే అరలున్నాయి. కాని పదో వంతు వంటి భిన్నం యంత్రపు ద్విసంఖ్యా పద్ధతిలో ఖచ్చితంగా ఇమడదు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అందుకని డబ్బు లెక్కలు రాసేవారు రూపాయలను పైసల్లోకి మార్చి పూర్ణ సంఖ్యలుగా ఉంచడం ఒక మంచి పద్ధతి.

సమానం గుర్తు చెప్పే అబద్ధం

ఇప్పుడు అరలో విలువ పెట్టడం.

పెన్షను = 30000;

ఇక్కడ నేను మా మనుమరాలితో పోట్లాడాను. దాని పుస్తకంలో "మొత్తం = మొత్తం + 1" అని ఉంది. "ఒక సంఖ్య తనకంటె ఒకటి ఎక్కువైన సంఖ్యకు సమానమెలా అవుతుంది? మా లెక్కల మాస్టారు చూస్తే బెత్తం పుచ్చుకునేవారు" అన్నాను. తరువాత తెలిసింది, అది సమానమని చెప్పే గుర్తు కాదు. "కుడివైపున ఉన్నది లెక్కకట్టి ఎడమవైపు అరలో పెట్టు" అనే ఆజ్ఞ. గడిలో పాత అంకె తీసి, ఒకటి కలిపి, అదే గడిలో తిరిగి రాయడం. నిజంగా సమానమా అని అడగాలంటే సి భాషలో రెండు సమాన చిహ్నాలు పక్కపక్కన వేయాలి. ఈ = గుర్తును 1557లో అచ్చులోకి తెచ్చినవాడు వేల్స్ దేశపు గణితజ్ఞుడు, పేరు రాబర్ట్ రికార్డ్. పేరులోనే రికార్డు ఉన్న మనిషి, మన శాఖవాడే అనుకోవాలి.

ప్రకటించేటప్పుడే మొదటి విలువ కూడా పెట్టేస్తే దాన్ని ఇనిషియలైజేషను అంటారు. "ఇంట్ మొత్తం = 0;" అన్నది అదే. పేజీ తెరవడం, ప్రారంభ నిల్వ వేయడం ఒకే కలం పోటులో అయిపోయాయి.

అసలు సంగతి

ఇక నేను ఈ ప్రసంగానికి పెట్టుకున్న పేరు దగ్గరకు వస్తాను. మా మనుమరాలికి నలభై రెండు లక్షలు ఎక్కడినుంచి వచ్చాయి? గడి ఖాళీగా ఉంటే సున్న కింద లెక్క కదా అని మనమందరం అనుకుంటాము. కాదు. రికార్డు రూములో ఆ అరను అంతకుముందు ఇంకేదో పనికి వాడి ఉంటారు. ఆ పాత కాగితాలు అక్కడే పడి ఉంటాయి. మీరు కొత్త పేరు చీటీ అంటించినంత మాత్రాన లోపల ఎవరూ ఊడ్చరు. ఆ పాత చెత్తనే మీ ప్రారంభ నిల్వగా తీసుకుని యంత్రం కూడుకుంటూ పోతుంది. పిల్లలు దాన్ని గార్బేజి విలువ అంటారు. సి భాషను 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెనిస్ రిచీ తయారుచేశాడు. ఆనాటి యంత్రాలు చిన్నవి, నిదానమైనవి. అవసరం లేని అరలను ఊడుస్తూ కూర్చోవడం దండుగని, ఆ పూచీ రాసేవాడి మీద పెట్టారు. అన్ని విధుల బయట ప్రకటించిన చలరాశులకు మాత్రం సి తానే సున్న వేస్తుంది. ఒక విధి లోపల ప్రకటించిన మామూలు చలరాశులకు వేయదు.

ఇందులో మోసమేమిటంటే, ఒక్కొక్కసారి ఆ అరలో అదృష్టవశాత్తు సున్నే ఉంటుంది. ఇంట్లో నడిపితే సరైన జవాబు వస్తుంది, పరీక్ష హాలులో వేరే యంత్రం మీద తప్పు వస్తుంది. ఎప్పుడూ తప్పే వచ్చే ప్రోగ్రాము మంచిది, వెంటనే దొరుకుతుంది. అప్పుడప్పుడు ఒప్పు వచ్చేదే ప్రమాదం.

తరువాత వచ్చిన భాషలు ఈ విషయంలో జాగ్రత్తపడ్డాయి. 1995లో వచ్చిన జావా భాష, విధి లోపలి చలరాశికి విలువ ఇవ్వకుండా వాడబోతే ప్రోగ్రామును మొదట్లోనే తిరగ్గొడుతుంది. 1991లో గిడో వాన్ రోసమ్ బయటపెట్టిన పైథాన్ భాషలో విడిగా ప్రకటన అంటూ అవసరం లేదు, విలువ ఇచ్చినప్పుడే పేరు పుడుతుంది. విలువ ఇవ్వని పేరును వాడితే అక్కడే ఆగిపోయి చెబుతుంది. సి భాషలో కూడా హెచ్చరికలు చూపించమని అడిగితే చాలావరకు చూపిస్తుంది. అడగాలి, చూపించినవి చదవాలి. ఆడిట్ అభ్యంతరాల్లాగే, చదవకుండా ఫైలు చేస్తే ప్రయోజనం లేదు.

మనకు సర్వీసులో "నిల్" రిపోర్టు ఉండేది గుర్తుందా? ఏమీ లేకపోయినా "ఏమీ లేదు" అని రాసి సంతకం పెట్టి పంపాలి. పంపకపోతే మెమో వచ్చేది. చిన్నతనంలో అది నాకు అర్థంలేని చాదస్తంగా కనిపించేది. ఏమీ లేనప్పుడు ఏమీ పంపకపోతే సరిపోదా అనుకునేవాణ్ణి. సరిపోదు. ఖాళీ అంటే "నేను చూడలేదు" అని. సున్న అంటే "నేను చూశాను, ఏమీ లేదు" అని. 628లో బ్రహ్మగుప్తుడు సున్నను ఒక సంఖ్యగా పరిగణించి దానితో కూడికకు, తీసివేతకు నియమాలు రాశాడు. దాని విలువ తెలిసిన దేశంలో పుట్టి కూడా నేను ఆ తేడా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఎలా తెలుసుకున్నానో చెప్పడానికే నిజానికి ఈ వేళ ఇక్కడ నిలబడ్డాను.

1981లో నేను ఒక ఆఫీసులో అకౌంట్ల సీటు చూసేవాణ్ణి. నాలుగో తరగతి ఉద్యోగుల భవిష్య నిధి లెడ్జర్లు మా సెక్షనులోనే రాసేవాళ్లం. ఏప్రిల్‌లో కొత్త లెడ్జరు తెరిచి, ఒక్కొక్కరి పేజీలో పేరు, ఖాతా నంబరు, నెలసరి చందా వేసి, పాత లెడ్జరు నుంచి ప్రారంభ నిల్వ దించుకుంటూ వచ్చాను. ఒక అటెండరు ఖాతాలో రెండు నెలల జమలు సరిపోలలేదు. 3,742 రూపాయల నిల్వ అది. సరిచూసి వేద్దామని ఆ ఒక్క గడి ఖాళీగా వదిలాను. రెండు నెలల్లో నాకు బదిలీ అయింది. చార్జి లిస్టులో ఈ సంగతి రాయలేదు. మరిచిపోయాను.

నా తరువాత వచ్చినాయన ఖాళీని సున్నగా తీసుకున్నాడు. కొత్తగా చేరినవాడి ఖాతా అనుకున్నాడు. ఆయనను తప్పుపట్టలేను. అక్కడినుంచి ఏటేటా వడ్డీ ఆ తక్కువ నిల్వ మీదనే కట్టారు. ప్రతి కూడికా ఒప్పే, మొదటి అంకె మాత్రం లేదు. ఆ అటెండరు చదువురానివాడు. ఏటా ఇచ్చే స్లిప్పును మడిచి పెట్టెలో దాచుకునేవాడు. 1987లో కూతురి పెళ్లికి డబ్బు తీసుకుందామని అర్జీ పెట్టాడు. లెడ్జరులో నిల్వ చాలదన్నారు. నూటికి మూడు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చాడు. అది తీర్చడానికి అరెకరం అమ్మాడు.

1993లో రిటైరైనప్పుడు, ఖాతా తేల్చడానికి కూర్చున్న ఒక బుద్ధిమంతుడు, 1969లో చేరినవాడికి 1981 నుంచే జమలు ఉండటమేమిటని అనుమానించి పాత లెడ్జరు తీయించాడు. మొత్తం వడ్డీతో సహా సరిచేసి ఇచ్చారు. ఆ ఏడే ఒకసారి ఆ అటెండరు నాకు బస్టాండులో కనిపించి, నమస్కారం పెట్టి, "నా డబ్బు మొత్తం వచ్చేసిందండి బాబుగారూ, వడ్డీతో సహా ఇచ్చారండి. ఆ అరెకరమే మరి రాలేదండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ గడి ఖాళీగా వదిలింది నేనేనని అతనికి తెలియదు. నేనూ చెప్పలేదు. ఇప్పుడు అతను లేడు. ఈ మాట మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు, మొన్న మనుమరాలికి చెప్పేదాకా.

ఆ పిల్ల ప్రోగ్రాములో నలభై రెండు లక్షలు కనిపించినప్పుడు నాకు గుర్తుకొచ్చింది ఆ బస్టాండే. యంత్రం ఖాళీని చెత్తగా తీసుకుంది, మనిషి సున్నగా తీసుకున్నాడు. రెండూ తప్పే, కాని యంత్రం తప్పు కంటికి కొట్టొచ్చినట్టు కనిపించింది. మనిషి తప్పు పన్నెండేళ్లు ఒప్పులా కనిపించింది.

ఎప్పుడు తిరిగి సున్న వేయాలి?

ప్రారంభ విలువ ఒక్కసారి వేస్తే చాలదు, సరైన చోట వేయాలి. మా మనుమరాలు తరువాత పదిమంది విద్యార్థుల మొత్తాలు కట్టే ప్రోగ్రాము రాసింది. మొదటివాడికి 431 సరిగా వచ్చింది, రెండోవాడికి ఎనిమిది వందల పైచిలుకు వచ్చింది. "మొత్తం = 0" అన్నది ప్రోగ్రాము మొదట్లో ఒక్కసారే వేసింది. ఒక్కొక్క విద్యార్థి మొదలయ్యేటప్పుడు వేయలేదు. ఒకరి పేజీ మొత్తం ఇంకొకరి పేజీలోకి ఒలికిపోయింది. పేజీ మొత్తానికి పేజీ మొదట సున్న వేయాలి, సంపూర్ణ మొత్తానికి పుస్తకం మొదట సున్న వేయాలి. ఈ తేడా మనకు పుట్టుకతో వచ్చిన విద్య.

1999 డిసెంబరులో అమెరికావారు అంగారక గ్రహం దక్షిణ ధ్రువం దగ్గర దించబోయిన మార్స్ పోలార్ లాండర్ అనే నౌక జాడ లేకుండా పోయింది. విచారణ సంఘం చెప్పిన అత్యంత సంభావ్యమైన కారణం ఇది. నౌక కాళ్లు విచ్చుకున్నప్పుడు కలిగిన కుదుపును నేల తాకిన సంకేతంగా యంత్రం గుర్తుపెట్టుకుంది. అసలు నేలను గమనించడం మొదలుపెట్టే ముందు ఆ గుర్తును చెరిపి సున్న చేయలేదు. ఇంకా నలభై మీటర్ల ఎత్తున ఉండగానే, దిగిపోయామనుకుని ఇంజన్లు ఆపేసింది. చెరపవలసిన ఒక్క పాత అంకె.

చివరగా ఇంకొక్క పద్ధతి చెప్పి ముగిస్తాను. మారే రేటును ప్రోగ్రాములో పదిచోట్ల అంకెగా రాయకూడదు. పైన ఒకేచోట "కరువు భత్యం రేటు" అని చలరాశి పెట్టి విలువ ఇవ్వాలి, కింద అంతటా ఆ పేరే వాడాలి. జనవరిలోనో జూలైలోనో రేటు మారితే ఒకచోట దిద్దితే చాలు. పదిచోట్ల రాస్తే తొమ్మిది దిద్ది ఒకటి మరుస్తాము. ఏడాదికి పన్నెండు నెలల వంటి మారని అంకెలకు ముందు "కాన్‌స్ట్" అని చేర్చవచ్చు, అప్పుడు పొరపాటున మార్చబోయినా యంత్రం ఒప్పుకోదు.

సోదరులారా, మీ ఇంట్లో పిల్లలు ఈ పాఠం చదువుతూ ఉంటే పక్కన కూర్చోండి. భాష రాకపోయినా ఫరవాలేదు. మూడు ప్రశ్నలు అడగండి. ఈ పేరు చూస్తే లోపల ఏముందో తెలుస్తుందా? ఈ అరలో నీవు పెట్టబోయేది పడుతుందా? మొదటిసారి వాడేటప్పటికి ఇందులో ఏముంది? ఈ మూడింటికి జవాబు ఉంటే ఆ పిల్లల ప్రోగ్రాములో సగం తప్పులు పోతాయి.

నాలుగో మాట మీ గురించి. ఇంటికి వెళ్లాక మీ బ్యాంకు పాసు పుస్తకం, డిపాజిట్ల రసీదులు, పెన్షను కాగితాలు ఒకసారి తీయండి. నామినీ అని ఒక గడి ఉంటుంది. కుటుంబ పెన్షనుకు మీ భార్య లేక భర్త పేరు, పుట్టిన తేదీ రాసే గడి ఉంటుంది. వాటిలో ఏదైనా ఖాళీగా ఉందేమో చూడండి. "తరువాత వేద్దాం" అని వదిలిన గడిని మన తరువాత వచ్చేవారు ఏమని చదువుకుంటారో మన చేతిలో ఉండదు. ఆ సంగతి నాకు తెలుసు.